దాంపత్యమున దాపరికము

12వ శతాబ్దియందు, బసవేశ్వరుని కాలమున, కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య శరణుడు రాలిన బియ్యమేరి తెచ్చుటయే కాయకముగా జీవించెను. ఒకనాడతడు హెచ్చుగా తేగా, భార్య లక్కమ్మ ఇంత యెందుకని అడిగి, అవసరమునకు మించినది తిరిగి పోసి రమ్మనెను.

నేటి దంపతుల నడుమ ఫోను నిలిచినది. వాట్సాపు 2020లో తమంత తామే చెరిగిపోవు సందేశములను తెచ్చినది. దాచినదెల్ల దోషము కాదు. నేస్తము నమ్మి చెప్పుకొన్న బాధను కాపాడుట ధర్మమే. కాని ఒకరి అలికిడికి మరొకరు తెర త్రిప్పినచో సంశయము మొలచును. పిదప, నిదురించువారి వ్రేలు తాకించి ఫోను తెరచి వెదకుట. ఏమియు దొరకకున్నను, ఆ రాత్రి నుండి ఇద్దరును దాచువారే. లక్కమ్మ చాటుగా వెదకలేదు, ఎదుట నిలిచి అడిగెను. మారయ్యయు కోపింపక బియ్యము తీసికొని వెనుదిరిగెను.