మనవాడైనా సరే... న్యాయమే!

న్యాయం కావాలని కోరని మనిషి లేడు. కానీ ఆ న్యాయం తనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు కూడా దాన్ని కోరేవారు ఎందరు? మనిషి తన స్వార్థాన్నీ, తనవాళ్ళ మీది మమకారాన్నీ దాటి న్యాయం ఎలా చేయగలడు? అసలు ప్రశ్న ఇదే.

పాశ్చాత్య తత్వవేత్తలు ఈ ప్రశ్నపై ఎంతో ఆలోచించారు. ఆధునిక కాలంలో వారిలో ప్రముఖుడు అమెరికాకు చెందిన జాన్ రాల్స్. 1971లో వెలువడిన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్' గ్రంథంలో ఆయన ఒక ఊహను మన ముందుంచాడు. సమాజానికి మూలసూత్రాలు నిర్ణయించేవారంతా ఒక 'అజ్ఞానపు తెర' వెనుక ఉన్నారనుకోండి. తాము ధనికులో పేదలో, ఏ జాతివారో, ఏ మతస్థులో వారికి తెలియదు. అప్పుడు ఎవరూ తమకు అనుకూలంగా నియమాలు పెట్టుకోలేరు. తెర తొలగాక అందరికన్నా బలహీనుడు తానే కావచ్చు కదా!

ఇది కొట్టిపారేయదగ్గ ఆలోచన కాదు. చట్టాలు చేసేవారు ఒక్కసారి ఇలా ఆలోచించినా ఎన్నో అన్యాయాలు తగ్గుతాయి. అయితే ఆ తెర సమాజ వ్యవస్థ రూపకల్పన కోసం ఊహించినది. నిత్యజీవితంలో మన కళ్ళముందు ఏ తెరా ఉండదు. మన మొహల్లాలో ఇద్దరి మధ్య గోడ తగాదా వచ్చిందనుకోండి. ఒకరు మన బంధువు, మరొకరు ముస్లిమేతర సోదరుడు. సాక్ష్యం చెప్పాల్సింది మనమే. ఎవరు ఎవరో మనకు బాగా తెలుసు. రేపు జుమా నమాజులో మన పక్కన నిలబడేది ఎవరో కూడా తెలుసు.

దివ్యఖుర్ఆన్ మనల్ని నిలదీసేది సరిగ్గా ఇక్కడే. సూరె నిసా 135వ ఆయత్ మనం ఎవరమో మరచిపొమ్మని చెప్పదు. అన్నీ తెలిసి ఉండగానే అల్లాహ్ కోసం సాక్షులుగా నిలబడమంటుంది. ఆ సాక్ష్యం స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు నష్టం కలిగించేదైనా సరే! ఎదుటివాడి సంపద గానీ, పేదరికం గానీ మన మాటను మార్చకూడదు.

ఇది కేవలం ఆదర్శం కాదు. అదే సూరా 105వ ఆయత్ నుంచి వచ్చే ఆయతుల నేపథ్యంగా తఫ్సీర్ గ్రంథాలు మదీనాలో జరిగిన ఒక దొంగతనాన్ని ప్రస్తావిస్తాయి. ఉబైరిఖ్ కుటుంబీకుడొకడు కవచం దొంగిలించాడు. నేరం నిర్దోషి మీద పడింది. ఆ నిర్దోషి ఒక యూదుడని పలు కథనాలు చెబుతున్నాయి. దొంగ తరఫువారు తమవాణ్ణి కాపాడుకోవడానికి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి వాదించారు. అప్పుడు అవతరించిన దైవవాణి ముస్లింనని చెప్పుకునే ఆ దొంగ పక్షం వహించలేదు. ద్రోహుల తరఫున వాదించడాన్ని నిషేధించింది. నిర్దోషిపై నింద మోపడం ఘోర పాపమని ప్రకటించింది.

మరి సొంత సోదరునికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం ద్రోహం కాదా? కాదు. సోదరుడు దౌర్జన్యపరుడైనా, బాధితుడైనా అతనికి సహాయపడాలని దైవప్రవక్త (స) బోధించారు. దౌర్జన్యపరునికి ఎలా సహాయపడాలని సహాబాలు అడిగితే, దౌర్జన్యం చేయకుండా అతన్ని ఆపడమే సహాయమని వివరించారు (బుఖారీ). గోడ తగాదాలో తప్పు మన బంధువుదైతే, ఆ మాట చెప్పడమే అతనికి మనం చేసే మేలు. అతను కోపగించుకోవచ్చు, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. కానీ పరుల హక్కు నెత్తిన పెట్టుకొని ప్రళయదినాన అల్లాహ్ ముందు నిలబడే దుస్థితి అతనికి తప్పుతుంది. మనకూ తప్పుతుంది.

సోదరులారా! ఇంతటి బోధన మన దగ్గర ఉందని గర్వపడితే సరిపోదు. ఆ 135వ ఆయత్ ప్రారంభమయ్యేది విశ్వాసులను సంబోధిస్తూనే. అంటే మొదటి సంజాయిషీ మనదే. రాల్స్ చెప్పిన తెర వెనుక మనిషికి తానెవరో తెలియదు. మనకైతే తెలుసు. మనల్ని చూస్తున్నది ఎవరో కూడా తెలుసు.

మనవాళ్ళ విషయంలోనూ సత్యమే పలికే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.