పట్టి వదిలేస్తే పాపం పోతుందా?

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు నిరుడు అక్టోబరులో విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ వెళ్లాడు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఇంట్లో పసుపు మీద, కాఫీ మీద వచ్చేది అప్పులకే సరిపోయేది. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) మన కోస్తా నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు మత్స్యకారులు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన ఒకాయన నడిపే పడవ మీద మావాడికి పని దొరికింది. అది చేపలు పట్టి అమ్ముకునే పడవ కాదు. సరదా కోసం చేపలు పట్టేవాళ్లకు రోజు లెక్కన అద్దెకు తిప్పే పడవ.

వానలకు పడవ ఒడ్డెక్కాక వాడు ఇంటికి వచ్చాడు. ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అడిగాడు: "మాస్టారూ, తినడానికి చేపను చంపితే తప్పు కాదంటాం. ఆటకోసం పట్టి, చంపకుండా వదిలేస్తే? అది పుణ్యమా, పాపమా?"

"వదిలేస్తున్నారు కదరా, ఇంక తప్పేముంది?" అన్నాను. వాడు తల ఊపి ఊరుకున్నాడు. వాడు ఊరుకున్న తీరు చూస్తే నేను తొందరపడ్డానని తెలిసింది. తర్వాత వాడి ఏడాది కథంతా చెప్పించుకుని విన్నాను.

అక్కడ ఈ ఆట కాలం వానలు వెనకపట్టాక మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో జనం ఎక్కువ. ఫిబ్రవరి నుంచి సముద్రం చెరువులా ఉంటుంది, అప్పుడు దూరం పోతారు. వచ్చేవాళ్లు చెన్నై, బెంగళూరుల నుంచి, విదేశాల నుంచి వస్తారు. వాళ్లకు ముఖ్యంగా కావలసింది జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద చేప. మన తీరంలో పార అంటారే, ఆ జాతిదే. ముప్పై కిలోలు దాటేవి కూడా ఉంటాయి. పాపర్ అనే బొమ్మచేపను రాతి దిబ్బల పక్కకు విసిరి, నీళ్లు చిమ్మేలా గుంజుతూ లాగుతారు. దెబ్బతిన్న చిన్న చేప అనుకుని పార దాని మీద పడుతుంది. తర్వాత మనిషికీ చేపకూ పెనుగులాట. పడవ మీదకు లాగాక కొలత తీసుకుంటారు, రెండు చేతుల మీద ఎత్తుకుని ఫొటో దిగుతారు, నీళ్లలో వదిలేస్తారు. మంచి పడవల వాళ్లు గాలం మొనలోని ఎదురుముల్లును నొక్కేస్తారు. చేపను తడి చేతులతోనే పట్టుకోమంటారు, ఎక్కువసేపు పైన ఉంచనివ్వరు. అలసిన చేపను తోక దగ్గర పట్టుకుని, నీటిలో కాసేపు నిలిపి, అది తనంతట తాను ఈదాక వదలడం మావాడి పని. ఆ పని తనకు ఇష్టమని చెప్పాడు.

మార్చిలో ఒకరోజు పెద్ద పార పడింది. దాన్ని పట్టినాయన సంబరం అంతా ఇంతా కాదు. ఫొటోలు ఒకటికి పది తీయించుకున్నాడు. వదిలాక చేప వెల్లకిలా తిరిగింది. మావాడు వంగి మళ్లీ అందుకోబోయేలోగా కిందినుంచి సొర వచ్చి సగానికి కొరికేసింది. పట్టినాయన అప్పటికే ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటున్నాడు. సాయంత్రం పడవ పుస్తకంలో 'వదిలిన చేపలు' అన్నచోట దాన్ని కూడా లెక్క రాశారు. నా జవాబుకు వాడు ఊరుకున్నది అందుకు.

ఈ ఆట ఆడేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. వదిలిన చేప బతికితే మళ్లీ గుడ్లు పెడుతుంది. ఒక చేప ఎన్నోసార్లు పడవ వాళ్లకు కూలి తెచ్చిపెడుతుంది. పెద్ద మరపడవ ఒక్క వలతో ఊడ్చేదాని ముందు ఈ గాలాల లెక్క ఎంత? నిజమే. కానీ వదిలిన ప్రతి చేపా బతకదు. బాగా లోతు నుంచి వేగంగా పైకి లాగిన చేపలో గాలితిత్తి ఉబ్బిపోతుంది, అది మళ్లీ కిందికి దిగలేదు. ఎక్కువసేపు పెనుగులాడిన చేపకు సొర నుంచి తప్పించుకునే ఓపిక మిగలదు.

చేపకు నొప్పి తెలుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి కొన్నింటికి తేనెటీగ విషం, కొన్నింటికి ఆమ్లం ఎక్కించి చూసింది. ఆ చేపలు చాలాసేపు మేత ముట్టలేదు. ఆమ్లం ఎక్కినవి పెదవులను గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చేప మెదడు మనిషి మెదడులాంటిది కాదు, కాబట్టి దాన్ని నొప్పి అనకూడదని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ తగవు తేలేదాకా ఆగకుండా స్విట్జర్లాండ్ 2008లో ఒక నిబంధన తెచ్చింది. వదిలేయాలనే ఉద్దేశంతోనే చేపలు పట్టడం అక్కడ కుదరదు. తినడానికైతే పట్టు, లేదా దాని జోలికి పోకు అన్నది దాని సారం. లోకమంతా దయ అనుకునేదాన్ని ఆ దేశం తప్పు అంది. నేను చదివి ఆశ్చర్యపోయాను. తర్వాత మన పెద్దవాళ్ల మాటే కదా అనిపించింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత మనకు కొత్తదా?

అయితే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వేలు ఎదుటివాళ్ల మీదికే చూపి ఊరుకోకూడదు. మన ఏజెన్సీలో చైత్రమాసంలో ఇటుకల పండుగ చేస్తాం. మగవాళ్లు వేటకు పోతారు, ఉత్త చేతులతో వచ్చినవాళ్లను ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. అది ఆకలి వేట ఒక్కటే అని చెప్పుకుంటే అబద్ధం. అందులో సంబరం ఉంది, పౌరుషం ఉంది. ఇప్పుడు అడవిలో జంతువులూ తగ్గాయి, 1972 చట్టమూ ఉంది. అయినా వేటలో ఆనందం ఉండేదన్న మాట దాచక్కర్లేదు. తేడా ఒక్కటే. వచ్చిన వేటను ఊరంతా పంచుకునేది. ఆ ప్రాణానికి ఊరు బాకీ పడేది, ఆ సంగతి ఊరికి తెలిసేది.

మరి ఈనాటి సంగతి? నా చిన్నప్పుడు ఎండాకాలంలో గెడ్డకు అడ్డుకట్ట వేసి, బెరడు దంచి కలిపి, ఊరంతా కలిసి చేపలు పట్టేవాళ్లం. ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఇప్పుడు కొందరు కుర్రాళ్లు ఆదివారం పూట బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నారు. వేలెడు పిల్ల దగ్గరనుంచి అన్నీ తేలిపోతాయి. పెద్దవి ఏరుకుని, వీడియో తీసుకుని, మిగతావి అక్కడే వదిలేస్తున్నారు. అండమాన్‌లో గాలం వేసినాయన కనీసం చేపను బతికించాలని చూశాడు. వీళ్లు అదీ చూడరు. మనం ఆదివాసులం కాబట్టి ప్రకృతిని కాపాడేవాళ్లం అని పుట్టుకతోనే ఎవరూ రాసివ్వలేదు. అది రోజూ చేసి చూపించాల్సిన పని.

మావాడు చెప్పిన ఇంకో ముచ్చట నన్ను నిద్రపోనివ్వలేదు. ఒకసారి పడవెక్కినవాళ్లు జరావాలు ఉండే తీరం దగ్గరగా పోనిమ్మని, దూరం నుంచి ఒక్క ఫొటో చాలని బతిమాలారట. జరావాలు తీరం పక్క లోతు లేని నీళ్లలో విల్లంబులతో చేపలు కొట్టుకుని తినే మనుషులు. వాళ్ల ప్రాంతం చట్టం కాపాడే రిజర్వు. పడవాయన ససేమిరా అన్నాడు. 2012లో జరావా ఆడవాళ్లకు తిండి ఆశ చూపి డాన్స్ చేయించిన వీడియో బయటపడి దేశమంతా గోల జరిగింది కదా. అరకులో మన థింసా ముందు నిలబడి ఫొటోలు దిగి పోయేవాళ్లను నేనూ చూశాను. "మేం ఏం తీసుకుపోయాం? ఊరికే చూసి వదిలేశాం కదా" అంటారు వాళ్లు కూడా. చేప మాట చెప్పలేదు. మనం చెప్పగలం. కాసేపు పట్టుకుని వదిలేసినా, పట్టుకున్నంతసేపూ అవతలివాళ్ల బతుకు మన చేతి ఆటవస్తువు అవుతుంది.

హుకుంపేట మండలంలోని మత్స్యగుండం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మడుగులో చేపలను ఎవరూ పట్టరు. మేత వేస్తారు, దండం పెడతారు. అదే ఏటికి ఇంకోచోట గాలం వేసేవాళ్లే ఇక్కడ చెయ్యి కట్టుకుంటారు. తూర్పు తీరంలో మత్స్యకారులు కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కట్టేసి కూర్చుంటారు, ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం కష్టమైనా సరే. ఈ రెండింటిలోనూ గాలం వేయకముందే మనిషి ఆగాడు. పట్టాక చూపే జాలి కంటే ఈ ఆగడమే పెద్దదని నాకనిపిస్తుంది. జాలి చూపినవాడికి ఫొటో దక్కుతుంది. ముందే ఆగినవాడికి ఏమీ దక్కదు, అయినా ఆగుతాడు.

మావాడికి మళ్లీ కబురంపాను. వాడు వచ్చాక చెప్పాను: "అప్పుడు నేను చెప్పింది తప్పురా. వదిలేసినంత మాత్రాన లెక్క సరిపోదు. తినడానికి ఒక్కటి పట్టి, చాలనుకుని వచ్చేసినవాడు, ఇరవై పట్టి ఇరవైనీ వదిలినవాడికంటే నాకు మేలు." వాడు అడిగాడు: "అయితే అక్టోబరులో వెళ్లొద్దంటారా మాస్టారూ?"

వెళ్లొద్దని అనలేకపోయాను. వాడి ఇంటి అప్పు నేను తీర్చేది లేదు. కడుపు నిండినవాడి సరదాకు తప్పు లెక్క కట్టి, ఆ జరిమానా కూలివాడి నెత్తిన వేయడం న్యాయం కాదు. ఒక్క మాట మాత్రం అడిగాను: నీటిలో తోక పట్టుకుని నిలిపే ఆ పనిని ఎవరు తొందరపెట్టినా తొందరగా ముగించొద్దని, చచ్చినదాన్ని వదిలినదిగా రాయనివ్వొద్దని. వాడు సరేనన్నాడు.

వెళ్లేముందు వాడు తన తమ్ముణ్ణి గెడ్డ దగ్గరికి తీసుకెళ్లాడని తెలిసింది. వాడి చేతిలోని బ్లీచింగ్ పొట్లం లాక్కున్నాడట.