యాది చేసుడు అంటే ఏంటి? పెత్రమాస విస్తరి, ప్రభువు బల్ల



స్మరణ గురించి మాట్లాడిన ప్రతిసారీ నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మనసులో తలుచుకుంటే చాలదా అండీ? బియ్యం ఇవ్వడం, విస్తరి పెట్టడం ఇవన్నీ ఎందుకు?" అని. ఉద్యోగాలు, అపార్ట్‌మెంట్లు, దొరకని సెలవులు... ప్రశ్న న్యాయమైనదే.

మా యాలాల్, తాండూరు దిక్కు జ్ఞాపకాన్ని 'యాది' అంటాం. 'యాదికొచ్చింది' అంటే దానంతట అదే వచ్చింది. 'యాది చేసుడు' అంటే మనం పూనుకుని చేసేది. మొదటి పని మీ ఫోన్ కూడా చేస్తుంది, ఐదేళ్ల కిందటి ఫోటో తీసి చూపిస్తుంది. రెండోది మాత్రం మనమే చేయాలి.

భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో స్మరణం మూడోది. దాని వెంటనే వచ్చేవి పాదసేవనం, అర్చనం. గమనించారా? తలపు మనసులోనే ఆగిపోలేదు, చేతుల్లోకి దిగింది.

భాద్రపద అమావాస్య, మన పెత్రమాస, సరిగ్గా ఇదే. ఆ రోజు పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. తర్పణం వదిలేవాళ్లు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు పలికి నువ్వులు, నీళ్లు విడుస్తారు. కొన్ని ఇళ్లలో పెద్దలకు ఇష్టమైన నీసు కూడా వండుతారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పోయినవాళ్లను తలుచుకున్న ఇంట్లోనే పూలు పేరుస్తాం.

ఇప్పుడు పక్కింటి సంప్రదాయం చూద్దాం. మన క్రైస్తవ మిత్రులు చర్చిలో 'ప్రభువు బల్ల' తీసుకుంటారు. కొంచెం రొట్టె, కొంచెం ద్రాక్షరసం. సిలువ వేయబడక ముందు రాత్రి యేసు శిష్యులతో భోంచేస్తూ, తనను గుర్తుంచుకోవడానికి ఇలా చేస్తూ ఉండమన్నారని వాళ్ల విశ్వాసం. అక్కడ గ్రీకు మూలంలో ఉన్న మాట 'అనామ్నేసిస్'. కేవలం గుర్తుకు రావడం కాదు, జరిగినదాన్ని ఇప్పటి మన మధ్యకు తెచ్చుకోవడం అని పండితులు వివరిస్తారు. నాకైతే 'యాది చేసుడు' అన్న మాటే తట్టింది.

వాళ్ల దైవం వేరు, మన దైవం వేరు. రెండూ ఒకటేనని నేను చెప్పను. కానీ వాళ్ల గ్రంథంలో ఒక ఘట్టం మనమూ వినాలి. కొరింథు పట్టణంలో ఈ భోజనానికి కూడినప్పుడు కొందరు ముందే కడుపు నిండా తిని తాగేవాళ్లు, పేదవాళ్లు ఆకలితో మిగిలిపోయేవాళ్లు. పౌలు వాళ్లకు ఉత్తరం రాసి గట్టిగా మందలించాడు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. అంటే పక్కవాడి ఆకలిని మరిచిన చోట స్మరణ జరగనట్టే. మన మెదక్‌లో 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన పెద్ద చర్చి గురించి కూడా, కరువు రోజుల్లో దాని కట్టుబడి పనే ఎందరికో తిండి పెట్టిందని చెప్పుకుంటారు.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. శ్రాద్ధంలో అన్నం ఒక్క మనకే కాదు, కాకికీ, ఆవుకీ, అతిథికీ భాగం ఉంది. తాత ఫోటోకి దండ వేసి, స్టేటస్ పెట్టి, గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ తిన్నాడో లేదో చూడకపోతే, మనకు తాత యాదికొచ్చాడంతే. యాది చేసింది లేదు.

అసలు భయం ఇంకొకటి ఉంది. మీ నాయనమ్మ వాళ్ల అమ్మ పేరు మీకు తెలుసా? ఇంట్లో ఆ పేరు తెలిసిన చివరి మనిషి ఇప్పుడు ఏ వయసులో ఉన్నారు? వాళ్లతో పాటే ఆ పేరూ వెళ్లిపోతుంది. క్లౌడ్‌లో ఎక్కడా బ్యాకప్ ఉండదు.

అందుకే ఈ వారం మూడు పనులు చేయండి. ఇంటికి ఫోన్ చేసి అమ్మ వైపు, నాన్న వైపు మూడు తరాల పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరికి ఏం తినడం ఇష్టమో అడగండి. పెత్రమాస నాడు అందులో ఒక్కటైనా, అది ఉత్త కందిపప్పే అయినా సరే, వండి, ముందు ఆకలిగా ఉన్న ఒకరికి పెట్టి, తర్వాత మీరు తినండి. పెట్టేటప్పుడు ఆ పేరు పైకి పలకండి.

శుభమస్తు.