మీటరు ఎదుట మన మనస్సాక్షి

గడచిన మాసములో ఒక గృహ ప్రార్థన ముగిసిన పిమ్మట మా సంఘములోని యౌవనుడొకడు మమ్మునిట్లు అడిగెను: "అయ్యగారూ, వాళ్లే అన్యాయంగా గుంజుతుంటే, మనం స్తంభానికి కొక్కెం వేసుకుంటే తప్పేమిటి?" కొందరు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి. అతని మొదటి మాటలో కొంత సత్యమున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో బహు కొద్దిగా వాడుకొను ఇంటికి యూనిటుకు 1 రూపాయి 45 పైసలుండగా, 2022 ఏప్రిలు మొదలుకొని మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలాయెను. అంతటితో పోలేదు. 2022-23లో కరెంటు కొనుటకు అనుకొన్నదానికంటె ఎక్కువ ఖర్చయినదని చెప్పి, ఆ బాకీని 2024 డిసెంబరు బిల్లులనుండి, ఆనాటి వాడకమును బట్టి వసూలు చేయ మొదలుపెట్టిరి. ఈ బాకీ మనిషిని వెంబడింపదు, మీటరును వెంబడించును. మా సంఘములోని ఒక విధవరాలు ఆ ఏటనే అద్దె ఇల్లు మారినది. ముందున్నవారు ఎన్నడో త్రిప్పుకొన్న ఫ్యాను గాలికి ఆమె పైకము కట్టినది. ఇది న్యాయమని మేము చెప్పజాలము.

అయితే కొక్కెము మాట? దారిలో పోవు కరెంటు నష్టములో కొంత భాగము ధర నిర్ణయించునప్పుడే లెక్కలో చేర్చబడును. కొక్కెము వేసినవాడు కంపెనీవారి సంచిలోనుండి తీసికొన్నాననుకొనును గాని, నిజముగా ఆ విధవరాలి కొంగుముడి విప్పుచున్నాడు. తప్పుడు తూనికలను ధర్మశాస్త్రము నిషేధించినది అమ్మువానికి మాత్రమే అనుకొనుచున్నామా? కొనువాని చేతిలోని కొలతయు కొలతయే. (తడిచేతితో ఆ తీగె ముట్టి ప్రాణము పోగొట్టుకొన్నవారి సంగతి వేరే చెప్పనేల.)

పొదుపు చేయుడని బోధించుట సులభము. 75 వాట్ల పాత ఫ్యాను దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు కాలును. ఇప్పుడు దొరకు 30 వాట్ల ఫ్యానుకు 11 యూనిట్లు చాలును. యూనిటు 4 రూపాయల 50 పైసల లెక్కన నెలకు 72 రూపాయలు మిగులును. గాని దాని వెల కూలివారికి కొన్ని దినముల కూలి. పొదుపు చేయుటకును ముందుగా చేతిలో పైకముండవలెను! అందుచేత మేము సంఘపు సొమ్ముతో ఒక ఫ్యాను కొని ఆ తల్లికిచ్చి, నెలకు 70 రూపాయల చొప్పున తిరిగి పుచ్చుకొనుచున్నాము. తీరుటకు మూడేండ్లు దాటవచ్చును. పట్టపగలు మందిరములో వెలుగుచుండు ట్యూబులైట్ల సంగతి ఎత్తకపోవుటే మాకు మేలు.

ఇక అడుగుట యున్నది. విద్యుత్ నియంత్రణ మండలి ధరలు నిర్ణయించుటకు ముందు ప్రజల అభ్యంతరములను ఆలోచింపవలెనని 2003 నాటి విద్యుత్ చట్టము చెప్పుచున్నది. ప్రకటన పత్రికలలో వచ్చును. తెల్ల కాగితముమీద తెలుగులో వ్రాసి పంపవచ్చును. మన సంఘములనుండి ఎవరైనను వ్రాసినట్లు మేము వినలేదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతియొద్దకు మాటిమాటికి వెళ్లిన విధవరాలిని గూర్చి ప్రార్థన కూటములలో ఎన్నోమారులు ప్రసంగించితిమి. ఆమె అడిగినది ఈ లోకపు న్యాయమే గదా.

మొన్న ఆదివారము ఆరాధన తరువాత ఆ యౌవనుడే మందిరపు వరండాలో కూర్చుండి, ఆ తల్లి పాత బిల్లులు ముందుంచుకొని, ముందున్నవారి బాకీ సంగతి ఉత్తరముగా వ్రాసెను. అతని దస్తూరి ముత్యములవలె నుండును. అతని ఇంటి యెదుట స్తంభముమీది కొక్కెము మాత్రము ఇంకను దిగలేదు.