దూరమును దేనితో కొలువవలయును?

హైదరాబాదునుండి దుబాయి యెంత దూరమని యెవరైన నడిగినచో, మన యిండ్లలో నేడు “నాలుగు గంటలు” అని బదులు చెప్పుచున్నాము. వెనుకటివారు ఆమడలు చెప్పెడివారు. మనము గంటలు చెప్పుచున్నాము. ఈ లెక్క యెంతవరకు సత్యమో విచారింపవలసి యున్నది.

ఆకాశమార్గమున నీ రెండు నగరముల నడుమ దూరము సుమారు 2,550 కిలోమీటర్లు. విమానము దీనిని దాదాపు నాలుగు గంటలలో దాటును. చలికాలమున పడమటి గాలు లెదురగుటచే పోవునపుడు కొంత యాలస్యమగును. వచ్చునపు డా గాలులే తోడ్పడును. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక నుండుటచే, ఇచట పదింటికి బయలుదేరినవాడు అచట పండ్రెండున్నరకే దిగినట్లు తోచును. మౌలాలినుండి శంషాబాదు చేరుటకును, తనిఖీలకై వేచియుండుటకును పట్టు కాలమును కూడ చేర్చినను, ఇది యొక్క దినములో ముగియు ప్రయాణమే.

మౌలాలి కొండ దిగువ నొక వీథిలో మే మెరిగిన కుటుంబములు రెండు కలవు. రెండిండ్ల కుమారులును దుబాయిలో నుండిరి. ఒకడు తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి ఇంజనీరైనవాడు. రెండవవాడు కట్టడపు పనికి బోయినవాడు. ఒక్క సంవత్సరముననే యిద్దరి తండ్రులును గతించిరి. మొదటివాడు వార్త విన్న రాత్రియే విమానమెక్కి, తెల్లవారునప్పటికి తండ్రి పాదముల కడ నుండెను. రెండవవానికి సెలవు దొరకలేదు; పాసుపోర్టు యజమాని యొద్ద నుండెను; టిక్కెట్టునకు చేత పైకము లేదు. తండ్రి చితిని ఫోనులో చూచెను. ఏడు నెలలకు ఇల్లు చేరెను. నగరములు రెండును అవియే, గంటలు నాలుగే. ఒకనికి రాత్రియైన దూరము వేరొకనికి ఏడు నెలలేల యయ్యెను?

ఇది నేటి వింత కాదు. విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి మనవారు పూర్వము వేలకొలది ఓడలెక్కి రంగూనునకు కూలికి బోయిరి. విశాఖనుండి రంగూను, మనకు దుబాయి యున్న దూరములో ఇంచుమించు సగమే. అయినను 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు, ఓడలలో చోటు దొరకనివారు అడవులవెంట, కొండలవెంట నడచిరి. ఆకలిచేతను రోగములచేతను త్రోవలోనే యెందరో మడిసిరి. సముద్రము పెరుగలేదు; దారి మూతపడినది.

కావున మనుష్యుల నడుమ దూరమును గొలుచునది విమానవేగము కాదనియు, తిరిగి రాగల స్వేచ్ఛయే యనియు మా యభిప్రాయము. ఒక్క యూరనే యుండి తల్లిని పలుకరింపని కొడుకులు లేరా యని కొంద రాక్షేపింపవచ్చును. కలరు. ఆ దూరము వారు కోరి తెచ్చుకొన్నది; దానికి వారే బాధ్యులు. రాదలచియు రాలేనివాని దూరము ఇతరులు కల్పించినది. దానిని చూచుచు నూరకున్న మనమును అందు బాధ్యులమే.

కొడుకును పంపునపుడు జీతమెంత యని యడిగెడి మనము, సెలవు ఎప్పుడు, తిరుగు టిక్కెట్టు ఎవరిది, పాసుపోర్టు ఎవరి చేత నుండును అని యేల యడుగము? 1967 నాటి పాసుపోర్టుల చట్టము ప్రకారము అది భారతప్రభుత్వపు సొత్తు. ఏ యజమానియు తాకట్టువలె నుంచుకొనదగినది కాదు. చదువెరిగినవారు పొరుగింటి కార్మికుని యొప్పందమును ఒక్కమారు చదివి చెప్పినను గొప్ప యుపకారమగును.

“నాలుగు గంటలే కదా” యను మాట రాగలవానికి ఊరట, రాలేనివానికి దెప్పిపొడుపు. ఆ మాట యెవరితో ననుచున్నామో యెరిగి యనుట మంచిది.