బరువు ఎక్కడ కూర్చున్నది?

ధ్యాన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27:9–44



ధర్మపురిలో మన సహవాస కూడిక ముగిసిన మరునాడు కొందరము హొగెనకల్ జలపాతములు చూడ వెళ్లితిమి. ధర్మపురి పట్టణమునుండి అది దాదాపు 46 కిలోమీటర్లు. కావేరి అక్కడ రాతిగోడల నడుమ ఇరుకై పారును. మన కృష్ణా, తుంగభద్రల మీద పుట్టి అనునదే అక్కడ పరిసల్. వెదురుతో అల్లిన గుండ్రని బుట్ట. పూర్వము దానికి తోలు కప్పెడివారు. తరువాత ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూయసాగిరి. దానికి ముందు వెనుకలు లేవు, చుక్కాని లేదు, ఒక తెడ్డు మాత్రమే.

పుట్టి నడుపువానితో కలిపి ఎనిమిదిమందిమి ఎక్కితిమి. నడి ప్రవాహములో మన పెద్దలలో ఒకరు ఫొటో కొరకు లేచి నిలువబడిరి. పుట్టి ఒక ప్రక్కకు ఒరిగెను. అతడు తెడ్డు ఆపి, "ఉక్కారుంగయ్యా!" అని కేక వేసెను. కూర్చోండయ్యా అని అర్థము. పెద్దాయన కూర్చుండగానే పుట్టి సర్దుకొనెను. ఆయన బరువు ఒక్క వీసమైనను తగ్గలేదు సుమా!

ఓడలు కట్టువారు దీనినే లెక్క వేసి మెటాసెంట్రిక్ హైట్ అందురు. నావ మొత్తము బరువు ఒకచోట కేంద్రీకృతమైనట్లుండును; అది గరిమనాభి. నావ ఒరిగినప్పుడు మునిగిన భాగపు ఆకారము మారి, నీరు పైకెత్తు శక్తి ఆ ప్రక్కకు జరుగును. ఆ శక్తి రేఖ నావ నడిమి రేఖను తాకు చోటు మెటాసెంటర్. గరిమనాభి దానికి దిగువనున్న, ఒరిగిన నావ తిరిగి లేచును. ఎగువకు పోయిన, అదే నీరు దానిని బోర్లించును. ఈ రెండింటి మధ్యనున్న ఎత్తే ఆ కొలత.

రెండు మీటర్ల వెడల్పు, చదును అడుగు గల పుట్టి 20 సెంటీమీటర్లు మునిగెననుకొనుడి. అది మోయు బరువు రమారమి 630 కిలోలు. లెక్క కట్టిన, మెటాసెంటర్ అడుగునుండి సుమారు 1.35 మీటర్ల ఎత్తున వచ్చును. అందరు నేలను కూర్చున్న, బరువు నాభి అరమీటరు లోపే; అందరు లేచి నిలిచిన, మీటరు దగ్గరకు ప్రాకును. మనుష్యులు వారే, నది అదే. క్షేమము మాత్రము సగముకంటె తక్కువకు పడిపోవును. లూకా 14లో విందునకు వచ్చినవారు అగ్రపీఠములు ఏర్పరచుకొనుట చూచి ప్రభువు చెప్పిన ఉపమానము నాకు ఆ పుట్టిలో బోధపడినట్లు ఏ ప్రసంగములోను బోధపడలేదు.

మెటాసెంటర్ అను మాటను పెట్టినది పియెర్ బుగేర్ అను ఫ్రెంచి పండితుడు. 1735లో భూమి ఆకారము కొలువ పెరూ దేశము వెళ్లిన బృందములో ఆయన ఒకడు. అక్కడి పర్వతసీమలో ఉన్న కాలముననే నావలను గూర్చిన గ్రంథము చాలమట్టుకు వ్రాసి, 1746లో అచ్చు వేయించెను.

అంతకు ముందే, 1628లో, స్వీడను రాజు వాసా అను యుద్ధనౌకను కట్టించెను. పై అంతస్తులలో 64 ఫిరంగులు. బయలుదేరకముందు పరీక్షకై ముప్పదిమందిని ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించిరి. మూడు సారులకే ఓడ భయంకరముగా ఊగుట చూచి నౌకాధిపతి పరీక్ష ఆపించెను. ఓడ ప్రయాణము మాత్రము ఆపలేదు! ఆగస్టు 10న స్టాక్‌హోం రేవు విడిచి 1,300 మీటర్లు పోకమునుపే ఓడ మునిగెను. విచారణలో ఎవరికిని శిక్ష పడలేదు.

పౌలు ఎక్కిన ఓడలో 276 మంది. బోధకులు ఆ గోధుమలు పారవేయుటను చూపి, భారము వదలుకొన్న నావ నిలుచునని చెప్పుదురు. నేనును చెప్పితిని. అది సరి కాదు. అడుగు బరువు తీసిన ఓడ తేలికగును గాని నిలకడ పెరుగదు; వారు తీరమునకు చేర తేలిక చేసిరంతే. పోగొట్టుకొనరానివారు ఎవరో పౌలు ఎరుగును. నావికులు చిన్న పడవ దించి తప్పించుకొన చూడగా, వారు ఓడలో నిలువనిదే తక్కినవారికి రక్షణ లేదని ఆ ఖైదీయే శతాధిపతికి చెప్పెను.

ఈ మాట మన సంఘముల యెడల చెప్పక తప్పదు. మన పెద్దలు బదిలీ పత్రిక చేతపట్టుకొని పొరుగు రాష్ట్రములకు వచ్చి, అద్దె గదిలో చాపమీద కూర్చొని ఆరాధించినవారు. 1903లో స్వదేశములోని మన సంఘములు, తాము బీదవైయుండియు, చెరకు తోటల పనికి నేటాలు వెళ్లిన తెలుగువారి కొరకు జాన్ రంగయ్యగారిని పంపెను. వలసపోయినవారే ఆనాటి సంఘమునకు అడుగు బరువు.

నేను సభ్యుడనైయున్న కమిటీ ఒకటి వరుసగా మూడు కూటములు మందిరపు శిలాఫలకముమీద ఎవరి పేరు ముందుండవలెనను చర్చలో గడిపెను. అదే కాలమున ప్రకాశం జిల్లానుండి కట్టడపు పనికి వచ్చిన పండ్రెండు కుటుంబములు సాయంకాలపు ఆరాధన కావలెనని కోరిరి. ఆదివారము మధ్యాహ్నము వరకు వారికి పని. ఆ మనవి ప్రతిసారి వచ్చే నెలకు వాయిదా పడెను. మన పుట్టి ఒరుగుచున్నదని నాకు తెలియును. నోరు తెరువలేదు. ఫలకము సిద్ధమగునప్పటికి వారి పని ముగిసి వేరు ఊరు పోయిరి. ఏ ఊరో కనుగొన ప్రయత్నించితిమి, తెలియలేదు.

నిలకడ మరీ ఎక్కువైనను చిక్కే. అట్టి ఓడ ఒరిగిన ప్రతిసారి విసురుగా లేచి లోపలివారిని కుదిపివేయును. నియమావళి ప్రతి పేజీ కంఠతా వచ్చిన సంఘములు మనకు లేకపోలేదు.

హొగెనకల్‌నుండి తిరిగి వచ్చిన తరువాత ఆ కమిటీలో నా తప్పు ఒప్పుకొంటిని. ఇప్పుడు ఆదివారము సాయంకాలము ఆరున్నరకు ఆరాధన జరుగుచున్నది. మొదటి వారము నలుగురే వచ్చిరి. కుర్చీలు వేయ బోగా వారిలో ఒక తల్లి, "వద్దు నాయనా, చాప చాలు" అనెను. పుట్టిలో లేచి నిలిచిన ఆ పెద్దాయన ఆమె ప్రక్కనున్న చాపమీద కష్టముతో మోకాళ్లు మడిచి కూర్చుండి, పాటల పుస్తకము తెరచెను.