సహనం ఎవరి గుణం?

క్రైస్తవం సహనం గల మతమా అన్న ప్రశ్న నాకు ఎల్.బి.నగర్‌లో మా ఇంటి గేటు దగ్గరే ఎదురైంది.

మేడమీది రెండు గదుల వాటా ఖాళీ అయితే టులెట్ బోర్డు కట్టాము. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటరులో పాఠాలు చెప్పుకునే యువకుడు భార్యాబిడ్డలతో వచ్చాడు. అద్దె కుదిరింది. మాటల మధ్య, ఆదివారం ఉదయం ప్రార్థనకు వెళతామని చెప్పాడు. మా ఇంట్లోవాళ్ళ ముఖాలు మారాయి. “వాళ్ళు మన ప్రసాదం ముట్టరు. మన దేవుళ్ళను సైతానులంటారు. అంత సహనం లేని మతంవాళ్ళతో ఒకే కప్పుకింద ఎట్లా?” అన్నారు. అభ్యుదయవాదినని చెప్పుకునే నేను, “వేరొకరికి మాట ఇచ్చేశామండీ” అని అబద్ధమాడి అతన్ని పంపివేశాను. ఆ అబద్ధం నన్ను వదలలేదు. అందుకే ఈ ప్రశ్నను ఇప్పుడైనా సక్రమంగా విచారించాలని కూర్చున్నాను.

ముందు మాట అర్థం తేల్చుకుందాం. సహించడమంటే ఓర్చుకోవడం. అయితే ఓర్చుకోకుండా ఉండగల శక్తి చేతిలో ఉన్నవాడి విషయంలోనే అది సుగుణమవుతుంది. అద్దెకున్నవాడు ఇంటి యజమాని విసుగును భరిస్తే దానిని సహనమని ఎవరూ పొగడరు. గత్యంతరం లేక పడివుండడమంటారు. కనుక ఒక మతం సహనాన్ని పరీక్షించాలంటే రెండు విషయాలు చూడాలి. అధికారం చేతికి చిక్కినప్పుడు అది ఏమి చేసింది? అధికారం లేనప్పుడు తన లోపలి బలహీనులతో, భిన్నాభిప్రాయం గలవారితో ఎట్లా ప్రవర్తించింది?

మొదటి పరీక్షలో క్రైస్తవం చరిత్ర తలెత్తుకునేది కాదు. రోమన్ సామ్రాజ్యంలో హింసలు పడ్డ ఆ మతానికి 313లో స్వేచ్ఛ లభించింది. 380లో అది రాజమతమైంది. మరి అయిదేళ్ళకే, భిన్నంగా బోధించిన ప్రిసిలియన్ అనే బిషప్పును క్రైస్తవ చక్రవర్తి పాలనలోనే చంపారు. పోపు అధికారాన్ని ధిక్కరించిన ప్రొటెస్టంట్లు 1553లో జెనీవాలో సెర్వేటస్‌ను సజీవదహనం చేశారు. గోవాలో 1560లో మొదలైన మతవిచారణ మధ్యలో కొన్నేళ్ళ విరామంతో 1812 దాకా సాగింది.

కాని అదే బైబిలు చేతబట్టి సెబాస్టియన్ కాస్టెలియో అనే క్రైస్తవుడు 1554లో సెర్వేటస్ హత్యను ఖండించాడు. 1864లో పోపు తొమ్మిదవ పయస్ మతస్వేచ్ఛను తప్పుడు సిద్ధాంతాల జాబితాలో చేర్చగా, 1965లో వాటికన్ మహాసభ దానిని మనిషి హక్కుగా అంగీకరించింది. ఈ నూరేళ్ళలో గ్రంథం మారలేదు. ప్రజల పోరాటాల వల్ల రాజ్యం చర్చి చేతిలోనుంచి జారిపోయింది. చర్చికి సహనం నేర్పినవాటిలో ఆ ఓటమికి పెద్ద పాలుంది. ఇది ఒక్క క్రైస్తవానికే పరిమితం కాదు. జైనుల మీద దాడులను భక్తిగా, గర్వంగా చెప్పుకున్న కథలు మన వీరశైవ సాహిత్యంలోనూ ఉన్నాయి.

ఇక మన తెలుగుదేశం మాట. ఇక్కడ దొరలు క్రైస్తవులే. అయినా పల్లెలో కరణం, మునసబు, భూస్వామి క్రైస్తవులు కారు. క్రీస్తును నమ్మినవాడు ఎక్కువగా మాలపల్లెలోనో మాదిగగూడెంలోనో ఉండేవాడు. 1876–78 కరువు అయ్యాక, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసం మతం మారారన్న నింద రాకూడదని మిషనరీ క్లౌ కరువు పనులు జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ జనానికి మతం మారడమంటే, మొదటిసారిగా ఎవరో తమను పక్కన కూర్చోబెట్టుకోవడం. వారిని సహించవలసింది ఊరు. ఊరు సహించిందా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు జవాబు చెబుతాయి. ఆ బాధితులలో క్రీస్తును నమ్మినవారున్నారు. సిలువ వారిని కులం నుంచి కాపాడలేకపోయింది.

చట్టమూ ఓర్చుకోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులకు దక్కింది బి.సి. ‘సి’ వర్గం కింద 1 శాతం రిజర్వేషను. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది. పోదని ఊరు అంటుంది. రెండు విధాలా నష్టపోయేది అతడే.

ఇంతమాత్రాన తెలుగు క్రైస్తవానికి మచ్చలేదని నేను అనను. రెండవ పరీక్ష మిగిలే ఉంది. గుర్రం జాషువా హిందూ పురాణ కథలను కావ్యాలుగా రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలే ఆయనను వెలివేశారు. అంటరానివాడని అగ్రవర్ణాలు ఆయనను పంక్తిలోంచి లేపాయి. ఆ మహాకవే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. మాలల చర్చి, మాదిగల చర్చి అన్న మాటలు మన జిల్లాల్లో ఇంకా వినిపిస్తాయి. హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోని 2022లో కార్డినల్ అయినప్పుడు, ఆ పదవికెక్కిన మొదటి దళితుడని లోకం చెప్పుకున్నది. సంతోషించవలసిన విషయమే. మొదటివాడు రావడానికి ఇంతకాలం పట్టిందేమని క్రైస్తవులు తమను తాము ప్రశ్నించుకోవాలి. మైకులో పొరుగువాడి దేవుణ్ణి సైతానని నిందించే బోధకుడూ అసహనానికి బాధ్యుడే.

అయితే ప్రసాదం ముట్టకపోవడం అసహనం ఎట్లా అవుతుంది? మా నాయనమ్మ పరాయివారి చేతి మంచినీళ్ళు తాగేది కాదు. దానిని మేము ఆచారమన్నాం. అతడు ప్రసాదం వద్దంటే అసహనమన్నాం. నీవు పెట్టింది తినననడం వేరు, నీవు ఇక్కడ బతకడానికి వీల్లేదనడం వేరు. మొదటిది అతడు చేస్తాడేమోనని అనుమానించి, రెండవది నేను నిజంగానే చేశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న బాంబులు పేలి అమాయకులు చనిపోయినప్పుడు మరొక మతం గురించి ఇదే ప్రశ్న అడిగారు. కొందరి నేరానికి కోట్లమంది సంజాయిషీ చెప్పుకోవాలన్నారు. జవాబు ముందే నిర్ణయించుకుని అడిగే ప్రశ్న విచారణ అనిపించుకోదు.

కనుక నా అభిప్రాయం ఇది. ఏ మతమూ పుట్టుకతో సహనాన్ని వెంట తెచ్చుకోలేదు. అధికారానికి హద్దులు గీసిన చోట, అణగారినవాడు గొంతెత్తగలిగిన చోట అది అలవడుతుంది. క్రైస్తవం సహనం గలదా అని క్రైస్తవుడు చర్చిలో నిలబడి అడిగితే అది ఆత్మవిమర్శ. తాళంచెవి చేతబట్టుకుని గేటు దగ్గర నేను అడిగితే అది కేవలం సాకు.

నెల తర్వాత ఆ యువకుడు మెట్రో స్టేషనులో కనిపించి నమస్కారం పెట్టాడు. మా మేడమీది వాటాకు ఇంకా టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. అది రోజూ అటుగా వెళ్ళే అతడికీ తెలుసు.